టీచరుగారి నుయ్యి

భూమిలో నీళ్ళు పరీక్షించడం నా వృత్తి. మలికిపురం దగ్గర కొబ్బరితోట నరికి వెంచర్ వేస్తున్న ఒక పెద్దమనిషి, ఇళ్ళకి నీళ్ళు ఎలా ఉంటాయో చూడమని నన్ను తీసుకెళ్ళాడు. తోటలోని పాత బోర్ల నీళ్ళు నోట్లో పెట్టుకోలేకపోయాను, అంత ఉప్పు. హద్దు పక్కనే ఉన్న ఇంట్లో మాత్రం ఒక నుయ్యి ఉంది. రిటైరైన టీచరుగారిది. ఆ నీళ్ళు ఎంత తియ్యగా ఉన్నాయో!

నేనెవరో అడక్కుండానే ఆవిడ పొర్లిపోయేంత నిండుగా గ్లాసు నా చేతిలో పెట్టారు. ఆ ఇంట్లో నీళ్ళు కావాలా అని ఎవర్నీ అడగరట.

"మా నాయనమ్మ ఊరి నూతి దగ్గర దూరంగా నిలబడేదండి. ఎవరికైనా బుద్ధి పుట్టి దోసిట్లో పోస్తే తాగడం, లేపోతే లేదు. అందుకే మా నాన్నగారు ఈ నుయ్యి తవ్వేరు. అడిగించుకుని ఇవ్వకూడదన్నారండి" అన్నారు.

ఆ ఇసుక నేలల్లో తియ్యనీళ్ళు పాల మీద మీగడలా పైపైనే ఉంటాయి. కిందంతా ఉప్పే. అందుకే పెద్దమనిషికి మొహం మీదే చెప్పాను, లోతు బోర్లు వేస్తే మీకు నీళ్ళు దక్కవు సరికదా, ఆవిడ నుయ్యి కూడా పాడవుతుందని.

"ఆయ్, తమరు చెప్పేక కాదంటామాండి" అన్నాడు చేతులు కట్టుకుని. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో తరవాత తెలిసింది.

రెండోసారి వెళ్ళేసరికి టీచరుగారి వాకిట్లో కార్లు ఆగి ఉన్నాయి. స్థలాలు కొనేవాళ్ళని ఆయన అక్కడికే తీసుకొస్తున్నాడు. "మన వెంచర్ నీళ్ళు రుచి చూడండి" అని గేటు బయట చెప్పి లోపలికి పంపుతున్నాడు. ఆవిడ సంబరంగా అందరికీ గ్లాసులు నింపి ఇస్తున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరూ వెళ్ళాక, "మీ నీళ్ళు చూపించి వాడు స్థలాలు అమ్ముకుంటున్నాడమ్మా, గేటు వేసుకోండి" అన్నాను.

"దాహమని వచ్చినవాళ్ళకి గేటెలా వేస్తానండి" అన్నారావిడ నెమ్మదిగా. మంచితనానికైనా ఒక హద్దుండొద్దూ!

స్థలాలన్నీ అమ్ముడుపోయాయి. లోతు బోర్లు దిగాయి, ఇళ్ళు కట్టడానికి మోటార్లు ఆపకుండా తోడాయి. వేసవిలో కాలువలకి నీళ్ళు వదలడం ఆపేసరికి టీచరుగారి నుయ్యి కూడా ఉప్పెక్కింది.

కొన్నవాళ్ళు నన్ను పిలిచి మళ్ళీ నీళ్ళు చూడమన్నారు. పెద్దమనిషి అప్పటికే ఆఫీసుకి తాళం వేసి పోయాడు. గోడ అవతల టీచరుగారు ఉన్నారు కదా, కోపమంతా ఆవిడ మీదికి పోయింది. నేను చూస్తుండగానే నలుగురూ ఆవిడ అరుగు దగ్గరికి చేరారు.

"మీ చేతి నీళ్ళు తాగే కదండీ కొన్నాం. ఇందులో మీకెంత ముట్టిందండీ?" అన్నాడొకాయన. మర్యాదకేం లోటు లేదు, మాటమాటకీ అండీ.

ఆవిడ నూతిలోంచి చేద తోడి గ్లాసు నింపి ఇచ్చారు. ఆయన ఒక్క గుక్క పుక్కిలించి ఆవిడ కాళ్ళ ముందే ఉమ్మేశాడు. తప్పు తప్పని నేను అరిచాను. నా మాట ఎవడు విన్నాడు? చేసుకున్నవారికి చేసుకున్నంత అంటారు. ఆవిడ ఏం చేసుకున్నారో ఆ సామెత చెప్పినవాళ్ళనే అడగాలి.

కొన్నాళ్ళకి అటు వెళ్తూ ఆవిడ్ని చూద్దామని ఆగాను. నూతి మీద రేకు కప్పి ఉంది. వసారాలో కొన్న నీళ్ళ టిన్ను ఉంది. టీచరుగారు ఖాళీ చేతులతో బయటికొచ్చి, నా మొహం కేసి చూడకుండా గుమ్మంలో నిలబడ్డారు.

"నీళ్ళు కావాలాండీ?" అని అడిగారు.

కావాలన్నాను. సగం గ్లాసే పోశారు.