పద్మక్క గొంతుకు తగిన పియానో

నంద్యాలలో వాద్యాల దుకాణంలో కీబోర్డు అట్టపెట్టె విప్పుతుంటే థర్మోకోల్ కిర్రుమంది. ఆ చప్పుడుకు నేను మళ్లీ పన్నెండేళ్ల పిల్లనైపోయాను. ఆళ్లగడ్డలో బట్టల అంగడి మేడమీద పద్మక్క తన మొదటి కీబోర్డును ఇలాగే విప్పింది. "ఆ ముక్కలు తొక్కగాకు పాపా, మళ్లా దాంట్లోనే పెట్టల్ల" అని కసిరింది కూడా.

"ఇది తీసుకోండి మేడం. తేలిక. ఈ బటన్ నొక్కితే ఏ శ్రుతైనా అదే మారిపోతాది" అన్నాడు దుకాణదారు. ఆ బటన్ మీద నాకెంత కోపమో ఆయనకేం తెలుసు!

పద్మక్క ఆ అంగడి యజమాని భార్య. పగలు చీరలు మడతపెట్టేది, సాయంత్రం మాకు సంగీతం నేర్పేది. గృహప్రవేశాలకూ సీమంతాలకూ ఆమె పాడితే నేను వాయించేదాన్ని. నిజం చెప్పాలంటే నాకు వచ్చింది తెల్లమెట్లే. ఆమెది కిందిగొంతు కాబట్టి బటన్ నొక్కి శ్రుతి నాలుగు మెట్లు దించుకునేదాన్ని, వేళ్లు మాత్రం ఎప్పుడూ అవే చోట్ల తిరిగేవి. నల్లమెట్లు నేర్చుకొమ్మని ఆమె పోరితే ఆ బటన్ చూపించి నవ్వేదాన్ని. అంత పొగరు నాకు.

ఒకసారి ఎవరిదో కొత్తిల్లు, నేలంతా బేతంచెర్ల బండలు. పల్లవి అయ్యాక కరెంటు పోయింది. రాగానే హుషారుగా మళ్లీ మొదలుపెట్టాను. కీబోర్డు ఆగిపోయి మళ్లీ వెలిగితే శ్రుతి దాని అసలు చోటికి పోతుందన్నది గుర్తే రాలేదు. పద్మక్క నావైపు ఒక్క చూపు చూసి, ఆగకుండా, నేను ఎత్తిన శ్రుతిలోనే అందుకుంది. చరణంలో పైకి పోవాల్సిన చోట గొంతు పగిలింది. ఎవరో కిసుక్కున నవ్వారు. "అక్కకు వయసైపోయిందప్పా" అన్నారు ఇంకెవరో. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వేసింది.

తిరిగి వస్తూ ఆటోలో ఏడ్చేశాను, తప్పు నాదేనని.

"నాకు తెల్దా ఏందీ?" అంది.

"మరి ఆపలేదెందుకక్కా?"

"ఆపింటే అందరూ నిన్ను చూస్తారు. చిన్నపిల్లవు, మళ్లా మెట్టు ముట్టవు. నా గొంతుకేమి, రేపటికి సరిపోతాది."

మర్నాడు వెళ్లేసరికి ఆ బటన్ మీద ప్లాస్టరు అంటించి ఉంది. "ఇంక దీన్ని మర్చిపో. పాడేవాళ్ల గొంతు యాడుంటే నీ చెయ్యి ఆడికి పోవల్ల." పన్నెండు శ్రుతులూ వేళ్లకెక్కడానికి రెండేళ్లు పట్టింది. తిన్న తిట్లకు లెక్కలేదు. ఇవాళ నంద్యాలలో పిల్లలకు నేర్పుతున్నానంటే ఆ ప్లాస్టరు పుణ్యమే.

పోయినేడాది పద్మక్కకు గొంతు ఆపరేషన్ అయింది. అప్పటినుంచి పాడలేదు. మొన్న ఫోన్ చేసి, తన మనవరాలి సీమంతానికి ఒక్క పాట పాడాలని ఉందంది. నా కీబోర్డు ఎలా నొక్కినా ఒకటే మోత. ఆమె పలచని గొంతు అందులో మునిగిపోతుంది. మెల్లగా తాకితే మెల్లగా పలికేది, సంచిలో వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కగలిగేది కావాలి నాకు.

దుకాణదారు ఈసారి ఒక చిన్న ఎలక్ట్రానిక్ పియానో తెచ్చిపెట్టాడు. కాస్త బరువే, కానీ భుజాన మోయొచ్చు. మెట్టు మీద వేలు ఆనించి నొక్కితే ఊపిరంత శబ్దం వచ్చింది. వెంటనే ఆమెకు ఫోన్ కలిపి, దుకాణంలో ఉన్నానని చెప్పి, స్పీకరులో పెట్టాను.

"ఒక్క వరస పాడక్కా."

"అంగట్లోనా? సిగ్గు లేదా నీకు?" అని కసిరి, అంతలోనే "నా శ్రుతి యాడుందో నాకే తెల్దు పాపా" అంది. అంత ధైర్యస్తురాలి గొంతులో ఆ భయం వినడం నాకు అదే మొదటిసారి. దుఃఖం పొంగింది.

"నువ్వు పాడక్కా. నేనొస్తా నీ ఎనకాల."

పాడింది. వణుకుతూ, నేను ఎన్నడూ వినని కింది శ్రుతిలో. నా వేళ్లు రెండు మెట్లు తడిమి మూడోసారికి ఒక నల్లమెట్టు దగ్గర ఆమెను కలుసుకున్నాయి. మధ్యలో గొంతు పగిలింది. అక్కడ నేనూ తగ్గి, ఆమె ఊపిరి తీసుకునేదాకా కాచుకున్నాను.

"దొరికిందా?" అని అడిగింది.

"దొరికిందక్కా."

కళ్లు తుడుచుకుని, ఇదే కట్టివ్వమన్నాను. "దీంట్లో కూడా శ్రుతి మార్చే బటన్ ఉంది మేడం, చూపిస్తా" అన్నాడాయన ఉత్సాహంగా.

"వద్దులే అన్నా. ఒక ప్లాస్టరు ముక్క ఉంటే ఇయ్యి."