సీమకుక్కకు వచ్చిన భాష

సాగర్ కాలవలు తవ్వుతున్న రోజుల్లో నేను నరసరావుపేట హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఎవరి చేలో ఏ పైరు ఉందో మా గేదెకు బాగా తెలుసు. అందువల్ల, పరాయి చేలల్లో మేసిన గొడ్లను కట్టేసే బందెలదొడ్డికి నేను తరచుగా వెళ్ళేవాణ్ణి. కాపలాదారు నన్ను చూడగానే మా గేదె తాడు విప్పేవాడు.

ఒక శనివారం అలాగే వెళితే, రెండు మేకల మధ్య ఒక సీమకుక్క కట్టేసి ఉంది. మూరెడు పొడుగు, జానెడు ఎత్తు. ఒళ్ళంతా బొచ్చు. అది తెల్ల బొచ్చని తరవాత నీళ్ళు పోశాక తెలిసింది.

"ఇదేందయ్యా, ఇది గూడా చేలో పడి మేసిందా?" అన్నాను.

"మిషను ఆసుపత్రి దొరసానిది మేష్టారూ. ఆమె ఓడెక్కింది, ఇది రోడ్డెక్కింది. ఊరకుక్కయితే మావోళ్ళు ఆడనే విషం మందు ఉండ పెట్టేవోళ్ళు. ఏ ఆఫీసరు గారిదో ఏమోనని పట్టకొచ్చారు. ఎవురూ రాలా. సోమారం పొద్దుటిదాకా చూడమన్నాడు ఇన్‌స్పెక్టరు."

"ఆ తరవాత?"

అతను బీడీ వెలిగించుకున్నాడు. అదే జవాబు.

దాన్ని చూడగానే నా గుండె కరిగిందని చెప్పలేను. అది నన్నొకసారి చూసి, మేకలే నయమనుకున్నట్టు అటు తిరిగి కూర్చుంది. నేను గేదెను ఇంటికి తోలుకుపోయి కట్టేసి, మంచినీళ్ళైనా తాగకుండా శానిటరీ ఇన్‌స్పెక్టరు దగ్గరికి నడిచాను.

"రూలు ప్రకారం సొంతదారుకే ఇస్తామండీ," అన్నాడాయన.

"సొంతదారుణ్ణి నేనే."

ఎనిమిదేళ్ళుగా పిల్లలకు నీతి బోధిస్తున్న నోటి నుంచి అబద్ధం ఇంత నున్నగా జారుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు.

"నిన్నటిదాకా లేని కుక్క ఇయ్యాల ఎట్టా వచ్చిందండీ మీకు? సరే, సోమవారం పొద్దున నా ఎదట పిలవండి. మీ పిలుపుకు వస్తే మీది. రాకపోతే మునిసిపాలిటీది."

మునిసిపాలిటీ దాన్నేం చేస్తుందో ఇద్దరికీ తెలుసు కనుక వేరే చెప్పుకోలేదు.

ఆదివారం ఉదయమే దొడ్డికి వెళ్ళాను. దొరసాని అమెరికా మనిషి, నేను ఇంగ్లీషు మేష్టర్ని. ఇక చిక్కేముంది? "కమ్ హియర్" అన్నాను. "సిట్ డౌన్" అన్నాను. గుడ్ మార్నింగుతో మొదలుపెట్టి ప్లీజ్ దాకా దిగాను. పదో తరగతి వెనక బెంచీ వాళ్ళు నన్ను చూసినట్టే చూసింది.

"ఆమెది అమెరికా ఇంగ్లీసు, మీది గుంటూరు ఇంగ్లీసు. దానికెట్టా తెలిసిద్ది మేష్టారూ?" అన్నాడు కాపలాదారు. స్కూలు తనిఖీకి వచ్చిన అధికారులెవరూ నా గురించి అంత సూటిగా రాయలేదు.

ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆమె గోంగూర వలుస్తూ, తలెత్తకుండానే అంది: "పొద్దస్తమానం ఆసుపత్రిలో ఉండే మనిషి కుక్కతో ఎప్పుడు మాట్టాడిద్దండీ? అది పెరిగింది వంటింట్లో. ఆ వంట ముసలమ్మనడగండి. ఊరికే అడగండి, అంతే. కుక్కను మాత్రం నా కొంపకు తేబాకండి."

చివరి మాట వినపడనట్టు చెప్పులు తొడుక్కున్నాను.

వంట ముసలమ్మ రైలు గేటు అవతల కూతురింట్లో ఉంటోంది. కుక్క మాట ఎత్తగానే కొంగు కళ్ళకద్దుకుంది.

"నేనే తెచ్చుకుందును నాయనా. దొరసాని కుక్క నీకేడదే, ఎత్తకొచ్చావా అంటే ఏం చెప్పుకునేది?"

"దాని పేరేంది పెద్దమ్మా?"

"దొరసాని ఏందో పెట్టింది. నాకు నోరు తిరిగేది గాదు. 'ఏమే, దా' అనేదాన్ని. వచ్చేది."

"అంతేనా?"

"గట్టిగా అనాలయ్యా. అన్నం మాడిపోతన్నట్టు అనాల."

సోమవారం బడి వేళకు ముందే దొడ్డికి చేరాను. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మేకల తాలూకు వాళ్ళు కూడా పని మానుకుని నిలబడ్డారు. కాపలాదారు కుక్క తాడు విప్పాడు.

"ఏమే," అన్నాను. క్లాసులో హాజరు పిలిచినట్టు వచ్చింది గొంతు. కుక్క చెవి ఒకటి కదిలింది, కుక్క కదలలేదు.

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. నేను పంచె ఎగగట్టి, కళ్ళు మూసుకుని, మాడిపోతున్న అన్నాన్ని తలుచుకున్నాను.

"ఏమేయ్! దా!"

కళ్ళు తెరిచేసరికి అది నా చెప్పు మీద నిలబడి ఉంది. ఒళ్ళంతా వణుకుతోంది. చుట్టూ జనం ఉన్నారు కనుక నేను ఒకసారి దగ్గి, పంచె కిందికి దించుకున్నాను.

"ఇది మీదంటే నేను నమ్మను మేష్టారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అది నమ్మింది, నేనేం చేసేది." దొడ్డి రిజిస్టరులో ఆవు, గేదె, గొర్రె, మేక తప్ప కుక్కకు గడి లేదు. మేకపిల్ల ఒకటి అని రాశారు. సంతకం పెట్టాను.

తాడు దొడ్డిది కనుక ఇవ్వలేదు. మెయిన్ రోడ్డు పొడుగునా అది పది అడుగులకోసారి ఆగడం, నేను వెనక్కి తిరిగి "ఏమే, దా!" అని అరవడం. అరిచినప్పుడల్లా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తిరిగి చూశారు. ఒకరిద్దరు మగవాళ్ళు కూడా చూశారు, వేరే రకంగా. మా హెడ్మాస్టరుగారు సైకిలు దిగి, నన్ను చూసి, మళ్ళీ ఎక్కారు.

నాకంటే కబురే ముందు ఇల్లు చేరింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"బజారంతా ఏమే ఏమే అని పిలుచుకుంటా ఎవరినో తీసుకొస్తన్నారంట. ఎవరామె?"

నేను పక్కకు జరిగాను. నా వెనక అది రొప్పుతూ నిలబడి ఉంది. మూతి దగ్గరి నుంచి తోక దాకా పల్లేరుకాయలే.

 ఆమె గుమ్మంలోనే చతికిలబడి దాన్ని ఒళ్ళోకి లాక్కుని, ఒక్కొక్క పల్లేరుకాయా పీకడం మొదలుపెట్టింది.

"ఆ పిలుపు దీనికే ఉంచండి," అంది తల వంచుకునే. "నన్ను ఇంకేదన్నా పెట్టి పిలవండి."

ఇప్పటికీ ఆమెను 'ఇదిగో' అనే పిలుస్తున్నాను.