పున్నమ్మ పెట్టిన కొత్త

చేతిసంచిలో ఆ చిక్కుడుకాయలు లేకపోతే పున్నమ్మ సెలవులు హాయిగా గడిచిపోయేవి. తిని, పడుకుని, అమ్మమ్మ ఎర్రమ్మతో కబుర్లు చెప్పుకుని, పదిహేను రోజులకు మళ్లీ బస్సెక్కేది. కానీ అవి ఆమె తన చేతులతో పండించిన కాయలు. హైదరాబాదులో ఆమె చేరిన వ్యవసాయ కాలేజీలో ప్రతి విద్యార్థికీ ఒక మడి ఇచ్చి పంట పెట్టమన్నారు. పున్నమ్మ చిక్కుడు వేసింది. మొదటి సెమిస్టరు ముగిసేలోపే, క్లాసులో అందరికంటే ముందు ఆమె పందిరే కాసింది. అంతటి ఘనకార్యం ఇంట్లో చూపించుకోకపోతే ఎలా?

1986 డిసెంబరు అది. బూర్గంపాడులో బస్సు దిగి, అడవిబాటన రెండు గంటలు నడిచి, తమ కోయగూడెం చేరింది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా మూగితే సంబరంగా సంచి బోర్లించింది.

మూగినవాళ్లు మూగినట్టే వెనక్కి జరిగారు. ఊళ్లో చిక్కుడు పండుగ ఇంకా కాలేదు. ఆ గూడెంలో కొత్తగా కాసింది ఏదైనా ముందు నేలతల్లికి పెట్టాలి. దాన్నే కొత్త పెట్టడం అంటారు. ఊరిపెద్ద అయిన పటేలు కొత్త పెట్టేదాకా, కంచె మీద ఎంత విరగకాసినా చిన్నపిల్లలు కూడా ఒక్క కాయ గిల్లరు.

"నువ్వు తిన్నవా?" గొంతు తగ్గించి అడిగాడు నాయిన పగిడయ్య.

"తిన్న. కానీ నాయినా..."

"ఊకో. తినలేదని చెప్పు. అంత దూరంల ఎవలు జూసిండ్రు?"

పున్నమ్మకు ఒళ్లు మండిపోయింది. తప్పు చేశావని తిడితే పడేది. అబద్ధమాడమంటే ఎందుకు పడుతుంది?

మర్నాడు పొద్దున్నే పటేలు దూలయ్య ఊరివాళ్లను కూర్చోబెట్టాడు. ముసలాయన చెడ్డవాడేమీ కాదు. పట్టిన పట్టు వదలడు, అంతే.

"తప్పుకు దండుగ ఒక కోడి," అన్నాడు. "అది పెద్ద ముచ్చట గాదు. పిల్ల ఇగ ఆ కాలేజీకి పోవద్దు. ఆర్నెల్లకే ఆచారం మర్సింది, నాలుగేండ్లుంటే మనల్నే మరుస్తది."

పగిడయ్య తల దించుకున్నాడు. నాయిన నోరు విప్పడని పున్నమ్మకు తెలుసు. తను కూడా విప్పకపోతే చదువు ఇక్కడితో సరి. లేచి నిలబడింది.

"నేను మర్వలేదు తాతా. మొదటి కాయ కోసినప్పుడు మడిగట్టు మీద ఆకు పరిసిన. బెల్లం ముక్క పెట్టి, నీళ్లు పోసి మొక్కిన. అటెంకనే నోట్లె ఏసుకున్న."

నిజమే. ఆ రోజు క్లాసు క్లాసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అప్పటినుంచి ఆమె పేరు పూజారమ్మ. ఆ పేరు పెట్టినవాళ్ల చేతుల్లోనే తలా రెండు కాయలు పెట్టి, "నవ్వినంత నవ్వుండ్రి, మొక్కకుండ మాత్రం నేను తినను" అని పక్కకు పోయింది. అక్కడ నవ్వినవాళ్లకు జంకని పిల్ల ఇక్కడ కసిరేవాళ్లకు జంకుతుందా?

"నువ్వు పెట్టుడేంది?" దూలయ్య కళ్లెర్రజేశాడు. "ఆడపిల్లవు! కొత్త పెట్టాలంటే పటేలు పెట్టాలె."

"అక్కడ పటేలెవలున్నరు తాతా? తవ్వింది నేను, నీళ్లు మోసింది నేను. ఆ నేలకు ఇంకెవలు పెడ్తరు? కోడి కావాలంటే తీసుకో. కాలేజీ మాత్రం ఇడ్సేది లేదు."

చెప్పాల్సింది చెప్పేసినా పున్నమ్మ కూర్చోలేదు.

అప్పుడు వెనక నుంచి ఎర్రమ్మ వచ్చింది. తల్లి చనిపోయిన నాటినుంచి పున్నమ్మను పెంచింది ఈమే. సంచిలోంచి ఒక లేత కాయ తీసింది. గింజ ఒలిచి నోట్లో వేసుకుంది. ఉన్నవి నాలుగు పళ్లు, నమలడానికి చాలాసేపే పట్టింది. అందరూ చూస్తుండగానే మింగింది.

"నా మనవరాలు పెట్టిన కొత్త తిన్న," అంది. "ఇంకో కోడి అడుగు దూలయ్యా."

దూలయ్య రెండు కోళ్లూ తీసుకున్నాడు. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. పండుగ నాడు ఆ ఇంటికి పిలుపు రాలేదు. పున్నమ్మకు ఏడుపొచ్చింది. అది ఆమెకు ఇష్టమైన పండుగ మరి. అయినా వెళ్లి బతిమాలలేదు.

సెలవులైపోయాయి. బయలుదేరే పొద్దున పగిడయ్య ఎవరితోనూ ఏమీ అనకుండా కూతురి పెట్టె నెత్తిన పెట్టుకుని బాట పట్టాడు. పటేలు గుమ్మం ముందు నుంచే నడిచాడు.

ఎర్రమ్మ గూడెం చివరిదాకా వచ్చి, కొంగున కట్టుకొచ్చిన చిక్కుడు గింజలు మనవరాలి చేతిలో పోసింది.

"మన కంచె మీది గింజలే ఇవి. ఆడ గూడ ఎయ్యి. కాసినంక ఎవ్వల్నీ అడగకు బిడ్డా. కొత్త నువ్వే పెట్టు."