ఎల్లారెడ్డి విగ్రహానికి కల్లు

పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు కామారెడ్డిలో బోర్డు చూసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. పక్క సీటు పెద్దావిడ ఒడిలో కోడికూర గిన్నె, కల్లు సీసా ఉన్నాయి. చనిపోయిన కొడుకు కోసమట. అతను సైన్యంలో ఇంజనీరు. యుద్ధంలో వంతెన వేస్తుండగా బాంబు పడి, పెళ్లి కాకముందే పోయాడు. ఎల్లారెడ్డిలో విగ్రహం పెట్టారు.

మా శ్రీకాకుళం ఇంట్లో ఆ రోజు నీచు వండం. అదే అన్నాను.

"సొరకాయ పెడితే గిన్నె ఇసిరికొడుతుండె చెల్లె. బాంబులకు భయపడలే గని, సొరకాయకు భయపడ్డడు," అందామె.

ఎల్లారెడ్డిలో దిగాక నేనూ ఆమె వెంట వెళ్లాను. విగ్రహం దగ్గర దండ పట్టుకుని నిలబడ్డ నాయకుడు అడ్డొచ్చాడు.

"అవ్వా, దేశానికి ప్రాణమిచ్చినోనికి కల్లు పోస్తవా? ఇజ్జత్ పోతది."

"బతికున్నప్పుడు తాగినోడు సచ్చినంక మానేసిండా? నీ దండ తింటడా?"

"ఫొటోలు తీసేటోళ్లు వస్తున్నరే!"

"రానీ. వాళ్లకు గూడ పోస్త."

అతను దండతో సహా పక్కకు జరిగాడు. ఆమె విస్తరి పరిచి, కూర వడ్డించి, కల్లు పోసింది. తర్వాత తలెత్తి విగ్రహాన్ని కసిరింది.

"నిలవడి ఎవలన్న తింటర్రా? కూసో బిడ్డా."