సాయన్న కాలికి ఎవరి సంతకం?

మగవాళ్ళిద్దరు కలిసి బతకడం నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మరుసటి ఏడు, వానాకాలం మొదట్లో, నన్ను మగవాళ్ళ వార్డుకు మార్చారు. కామాటిపుర చివరి గల్లీలో చిన్న నర్సింగ్ హోమ్ అది. బొంబాయి ఆసుపత్రుల్లో ఆయాను మావశి అంటారు. బెడ్‌పాన్ తీయడం, దుప్పట్లు మార్చడం మా పని. ఎక్కడా రాసిపెట్టని పని ఇంకొకటి ఉండేది: ఆపరేషన్ ఒప్పుకోలు ఫారం మీద సాక్షిగా వేలిముద్ర వేయడం. ఇరవై ఏళ్ళు వేశాను. అందులో ఏముందో ఒక్కసారీ తెలియదు. యాభై దాటాక మహిళా మండలి క్లాసులో మరాఠీ అక్షరాలు, ఆ తర్వాత తెలుగు నేర్చుకుని, వేలిముద్ర మానేసి సంతకం పెట్టడం మొదలుపెట్టాను. చదవడం మాత్రం మొదలుపెట్టలేదు.

సాయన్న సైన్యంలో నాయక్‌గా రిటైరయ్యాడు. షుగర్‌తో ఎడమ పాదం నల్లబడింది. అతన్ని తెచ్చిన నర్సింహ రిటైర్డ్ హవల్దార్, అంటే నాయక్ కంటే ఒక మెట్టు పైన. ఇద్దరిదీ ఒకే పల్టన్. మర్నాడే మోకాలి కింద తీసేయాలనీ, ఆలస్యమైతే విషం పైకి పాకుతుందనీ సర్జన్ చెప్పాడు.

రోగికి ఏమవుతావని ఆఫీసు మేనేజర్ నర్సింహను అడిగాడు.

“ముప్పై ఏండ్ల సంది ఒక్క ఖోలీల ఉంటున్నం. ఆలుమగల లెక్క. రాసుకో.”

మేనేజర్ రాసుకోలేదు. రక్తసంబంధీకుడే సంతకం పెట్టాలన్నాడు. పాలమూరులో ఉన్న సాయన్న అన్న కొడుక్కి ఫోన్ చేస్తే, రెండు రోజుల్లో వస్తానన్నాడు. ధైర్యం చాలక మేనేజర్ మాజీ సైనికుల సంఘానికీ కబురు పెట్టాడు. జెండా పండుగకు తప్ప తలుపు తెరవని ఆ సంఘానికి అధ్యక్షుడు, వర్లి చాల్‌లో ఉండే రిటైర్డ్ సుబేదార్, ఒకప్పుడు ఆ పల్టన్‌లోనే వీళ్ళ పైఅధికారి, గంటలో ఊడిపడ్డాడు. రోగి కాలు చూడలేదు. నేరుగా నర్సింహ మీదికి వెళ్ళాడు.

“ఏమిరా నర్సింహ, గీ వయసుల గిదేం బుద్ధి? పల్టన్ ఇజ్జత్ తీస్తవా?”

“గా పల్టన్లనే మంచుల పడితే వీన్ని నా భుజం మీద మోసుకొచ్చిన సాబ్. గప్పుడు రిష్తా ఏందని ఎవ్వడడగలే.”

“నోర్ముయ్!”

“పద్దెనిమిదేండ్లు మూసుకునే నౌకరీ చేసిన. మీకు అనుమానం రావద్దని లీవ్‌లు గూడ వేరే వేరే నెలల పెట్టుకున్నం.”

నర్సింహ చేత సంతకం పెట్టిస్తే బాగుండదని మేనేజర్‌కు చెప్పి సుబేదార్ కుర్చీలో కూర్చున్నాడు. వేశ్యావాడగా పేరుపడ్డ కామాటిపురలో కూర్చుని ఇజ్జత్ గురించి పాఠం చెప్పిన మొనగాడిని నేను ఆయన్నొక్కడినే చూశాను.

సాయన్న పూర్తి తెలివిలో ఉన్నాడు. “కాలు నాది. కొయ్యమంటున్న. నడుమ గీ ముసలోని పంచాయితీ ఏంది మావశీ? చాయ్ తే. చక్కెర ఎయ్యి, ఇగ పొయ్యేదేముంది,” అన్నాడు. అతని మాట ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

బంధువు వచ్చేలోపే సాక్షి సంతకం పెట్టించి ఉంచుకోవడం మా దగ్గర ఆనవాయితీ. మొదటి రోజే ఫారం నా చేతికి వచ్చింది. మరాఠీలో ఉన్న మొదటి వరుస కూడబలుక్కుని చదివాను. రోగి సంతకం చేయలేని స్థితిలో ఉంటేనే బంధువు సంతకం కావాలని ఉంది. ఇంత చదివినవాళ్ళకు తెలియనిది నాకు కనిపిస్తుందా అనుకుని, నేనే తప్పు చదివానని సంతకం పెట్టేశాను.

రెండో రోజు వానకు రైలు ఆగిపోయిందని అన్న కొడుకు ఫోన్ చేశాడు. నలుపు పిక్క దాటింది. రౌండ్‌కు వచ్చిన సర్జన్ ఇంకా ఎందుకు ఆపారని అరుస్తుంటే, ఆ ఫారం తెచ్చి వేలు పెట్టి గట్టిగా చదివాను.

“దొరికిందమ్మా సదువుకున్న మావశి,” అన్నాడు ఆ రోజూ వచ్చి కూర్చున్న సుబేదార్.

సర్జన్ నవ్వలేదు. ఫారం లాక్కుని చూసి, రోగి స్పృహలో లేడని ఎవరు చెప్పారని మేనేజర్‌ను అడిగాడు. ఎప్పుడూ ఇలాగే చేస్తామని మేనేజర్ గొణిగాడు. సాయన్న సంతకం పెట్టి, అలవాటుగా కింద ఫౌజు నంబరు కూడా వేశాడు. ఆ రోజే ఆపరేషన్ జరిగింది. మోకాలి పైకి తీయాల్సి వచ్చింది.

సుబేదార్‌ను తిట్టుకోవడం తేలిక. ఇప్పటికీ తిట్టుకుంటాను. కానీ ఆ వరుస మొదటి రోజే చదివినదాన్ని నేను. చదవకుండా వేలిముద్ర వేసినన్నాళ్ళు నాకు తెలియదని చెప్పుకోవచ్చు. చదివి ఊరుకున్న సాక్షికి ఆ మాట కూడా లేదు. ఆ తర్వాత పనిచేసిన నాలుగేళ్ళూ రోగి ఎదుట గట్టిగా చదవకుండా ఏ ఫారం మీదా సంతకం పెట్టలేదు. మేనేజర్‌కు అది చివరిదాకా నచ్చలేదు.