గోడ సందులో కేబుల్ అందుకున్నదెవరు?

దయ్యాలున్నాయా అని ఎవరైనా నన్నడిగితే, ముందు ప్లగ్గు సరిగ్గా ఉందో లేదో చూసుకోమంటాను. ఇరవై ఏళ్ళుగా తోటపల్లి గూడూరు చుట్టుపక్కల కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఉన్నట్టుండి ఆగిపోయేవి, ఎవరూ ముట్టుకోకుండా వెలిగేవి, అర్ధంతరంగా అరిచేవి, అన్నీ చూశాను. ప్రతిదానికీ ఒక కారణం దొరికింది. ఎలుకో, తుప్పో, చీమలో, లేకపోతే ఆ ఇంటి పిల్లలో.

మేము క్రైస్తవులం. ఆదివారం ఆరాధన తప్పను. అయినా గాలి సోకింది, ధూళి సోకింది అంటే నాకు నవ్వొస్తుంది. ఇది మా అన్న సంగతి కాకపోతే నేనిలా కూర్చుని రాసేవాణ్ణి కాదు.

ముందు నా పని గురించి కొంచెం చెప్పాలి. కంప్యూటర్ తయారుచేసేవాళ్ళు ముఖ్యమైన పోర్టులన్నీ పెట్టె వెనకాల పెడతారు. కొనుక్కున్నవాళ్ళు ఆ వెనక భాగాన్ని గోడకు ఆనించి పెడతారు. ఆ మధ్యలో మిగిలిన నాలుగు వేళ్ళ సందులో నా బతుకు గడుస్తోంది. బీరువా వెనక, బల్ల కింద, బియ్యం డ్రమ్ముల మధ్య, ఎక్కడైనా సరే, చెయ్యి దూర్చి తడుముకుంటూ కేబుల్ పెట్టాలి. టార్చి వేస్తే చెయ్యి పట్టదు, చెయ్యి పెడితే టార్చి పట్టదు. చూడకుండానే ఏ పోర్టు ఏదో వేళ్ళతో చెప్పగలను. అది గొప్పేం కాదు, అలవాటు.

సముద్రం దగ్గర ఇంకో తంటా ఉంది. ఉప్పుగాలికి వాడని పోర్టు ఏడాది తిరిగేసరికి పచ్చగా చిలుముపట్టి పోతుంది. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. వెనకాల ఖాళీగా ఉన్న పోర్టు మీద టేపు అంటించి, దాని మీద కొవ్వొత్తి మైనం కరిగించి పోసి, బొటనవేలితో అదిమేస్తాను. ఎప్పుడన్నా కావాల్సివస్తే గోటితో గీకి తీసుకోవచ్చు. ఈ పద్ధతి చూసి జనం నన్ను మైనం దాసు అని పిలుస్తారు. అసలు పేరు ప్రభుదాసు. మా అన్న రాజరత్నం అయితే ఇంకో అడుగు ముందుకేసి, నేను కంప్యూటర్లకు క్రిస్మస్ చేస్తానని అందరికీ చెప్పి నవ్వించేవాడు.

అన్న కృష్ణపట్నంలో ఒక కంపెనీ బస్సు నడిపేవాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. మనిషి దిట్టం. మందు, సిగరెట్టు లేవు.

ఆ ఆదివారం ఆరాధన జరుగుతుండగా అన్న రెండు మూడు సార్లు రొమ్ము రుద్దుకోవడం చూశాను. బయటికి వచ్చాక ముఖమంతా చెమట. అది ఎండాకాలం కూడా కాదు. ఏమైందంటే గ్యాసన్నాడు. పొద్దున అలసంద వడలు తిన్నానన్నాడు. వదిన నా వైపు చూసింది. నెల్లూరు పోదాం పద అని నేను పట్టుబట్టాను. అన్న వినలేదు.

చర్చి ఆవరణలోనే చిన్న ఆసుపత్రి ఉంది. డాక్టరు వారానికి రెండు రోజులు నెల్లూరు నుంచి వస్తారు. మిగతా రోజుల్లో సలోమి సిస్టరే అన్నీ. అక్కడ కంప్యూటర్‌కు తగిలించే ఈసీజీ ఉంది. అరచేతిలో పట్టే డబ్బా, దాని నుంచి ఒకవైపు రొమ్ముకు పెట్టే తీగలు, ఇంకోవైపు కంప్యూటర్‌లోకి వెళ్ళే కేబుల్. తీసిన కాగితాన్ని సిస్టర్ నెల్లూరులో ఉన్న డాక్టరుకు పంపిస్తే, ఆయన చూసి ఏం చెయ్యాలో ఫోన్లో చెబుతారు.

చివరికి అన్న ఒక్కదానికి ఒప్పుకున్నాడు.

"సరే, ఆ మిషన్ పెట్టించు. అందులో ఏమన్నా వస్తే నెల్లూరు పోదాం. రాకపోతే నన్నిడిసిపెట్టాల. ఏంది?"

నేను సరేనన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

సిస్టర్ అన్నను బల్ల మీద పడుకోబెట్టి, రొమ్ముకు తీగలన్నీ పెట్టింది. కంప్యూటర్‌లో అన్న పేరు, వయసు కొట్టింది. మిషన్ దొరకడం లేదని తెర మీద చూపించింది. వెనకాల కేబుల్ ఊడింది. ముందురోజు గది కడిగినప్పుడు ఎవరో లాగి ఉంటారు.

ఇక్కడే నా ప్రాణం పోయినంత పనైంది. ఆ కంప్యూటర్ పెట్టె మామూలు చోట లేదు. ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయని రెండేళ్ళ కిందట చర్చి కమిటీవాళ్ళు గోడలో సిమెంటు గూడు కట్టించి, పెట్టెను అందులో తోసి, ముందు ఇనప జాలీ బిగించారు. అలా చెయ్యొద్దని నేను మొత్తుకున్నాను. జాలీ మరలు ఉప్పుగాలికి తుప్పుపట్టి, తలలు అరిగి, గుండ్రంగా అయిపోయాయి. స్క్రూడ్రైవర్ నిలవదు. పక్కన వైర్ల కోసం వదిలిన సందు ఒక్కటే దారి. ముందువైపు పోర్టులు రెండూ ఏనాడో చచ్చిపోయాయి.

నేల మీద పక్కకు పడుకుని, కేబుల్ చివర రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, సందులోకి చెయ్యి దూర్చాను. మోచేతి దాకా దిగింది. ముందు పంకా చిల్లులు తగిలాయి. కింద తెర కేబుల్, దాని రెండు మరలు. ఆ పక్కన కీబోర్డు, మౌసు పెట్టిన పోర్టులు. ఆ పైన రెండు పోర్టులుండాలి. వేలు పెట్టాను. నున్నగా తగిలింది.

మైనం. నా మైనమే.

రెండో దాని మీద వేలు పెట్టాను. అదీ మైనమే. ఈసీజీ కేబుల్‌కు ఒకటి వదిలిపెట్టాననే అనుకున్నాను. మరి ఇన్నాళ్ళూ ఆ కేబుల్ దేనికి పెట్టి ఉందో ఆ క్షణంలో ఆలోచించే తీరిక లేదు. గోటితో గీకబోయాను. వేలు వంగడానికి చోటు లేదు. చెయ్యి వెనక్కి తీస్తే మళ్ళీ దూరదేమోనని భయం. మోచేతి చర్మం సిమెంటుకు గీసుకుపోతోంది. బల్ల మీద అన్న ఊపిరి బరువుగా తీస్తున్నాడు. పది నిమిషాలు గడిచాయి. ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళు ఊరందరి పోర్టులూ వెతికిన చెయ్యి మా అన్న దగ్గరికొచ్చేసరికి పనికిరాలేదు.

"ఏందిరా, ఆడ్నే నిద్రపోయినావా?" అన్నాడు అన్న. నవ్వబోయి దగ్గాడు.

అప్పుడు జరిగింది చెబుతున్నాను. ఒక్క మాట కలపడం లేదు.

నా వేళ్ళ మధ్య ఉన్న కేబుల్‌ను ఎవరో అందుకున్నారు. జారిపోలేదు. దేనికో తగులుకుని లాగినట్టూ లేదు. మన చేతిలో వస్తువును ఎదుటిమనిషి తీసుకునేటప్పుడు ఒక్క క్షణం ఇద్దరి పట్టూ ఉంటుంది చూడండి, ఆ తర్వాత మనం వదిలేస్తాం. అలా. నేను వదిలేశాను. మరుక్షణం పోర్టులో కేబుల్ దిగిన చప్పుడు విన్నాను. కొత్త పరికరం దొరికినప్పుడు కంప్యూటర్ చేసే శబ్దం కూడా వచ్చింది.

"వొచ్చిందన్నా, వొచ్చింది!" అని సిస్టర్ కేకేసింది.

చెయ్యి బయటికి లాక్కున్నాను. మోచేతి నుంచి రక్తం కారుతోంది. తెర మీద గీతలు చక్కగా, ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. లోపల ఏం జరిగిందని అడిగేంత బుద్ధి కూడా లేదు నాకు. పనైంది, అంతే.

సిస్టర్ కాగితం తీసి డాక్టరుకు పంపింది. ఐదు నిమిషాల్లో ఆయన ఫోన్ చేశారు. గుండె బాగుంది, గ్యాసే అయి ఉంటుంది, మాత్ర వేసి పడుకోబెట్టండి, మళ్ళీ నొప్పొస్తే మాత్రం వెంటనే తీసుకురండి అన్నారు. అన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "చెప్పినా గదరా" అన్నాడు. నా భుజం మీద చెయ్యేసుకుని ఇంటిదాకా నడిచాడు.

మధ్యాహ్నం మూడున్నరకు మంచినీళ్ళడిగాడట. వదిన గ్లాసుతో వచ్చేసరికి మంచం పక్కన పడి ఉన్నాడు. కారులో నెల్లూరు తీసుకెళ్ళాం. అక్కడ ఇంకో ఈసీజీ తీశారు. గుండెకు పెద్ద దెబ్బ తగిలిందన్నారు. పొద్దు గుంకక ముందే అంతా అయిపోయింది.

సమాధి కార్యక్రమం అయిన పది రోజులకు సలోమి సిస్టర్ నుంచి ఫోన్ వచ్చింది. ఇంకో ముసలాయనకు ఈసీజీ తియ్యబోతే మిషన్ దొరకడం లేదంట. మా అన్న తర్వాత దాన్ని ఎవరికీ వాడలేదు, ఆ గూటి దగ్గరికి ఎవరూ పోలేదు అని తానే చెప్పింది. ఈసారి రంపం బ్లేడు పట్టుకెళ్ళి జాలీ మరలు కోసేశాను. పెట్టెను బయటికి లాగాను.

ఈసీజీ కేబుల్ గూటి అడుగున, దుమ్ములో పడి ఉంది. వెనక పోర్టులు మొత్తం నాలుగు. ఒకదానికి కీబోర్డు, ఒకదానికి మౌసు. మిగిలిన రెంటి మీదా నా మైనం. ఎక్కడా చిట్లలేదు. రెంటి మీదా నా బొటనవేలి గుర్తు అలాగే ఉంది.

అంటే కేబుల్ పెట్టడానికి అక్కడ చోటే లేదు.

సిస్టర్‌ను పిలిచి చూపించాను. ఆమె రెంటి మీదా వేలు పెట్టి చూసి, "మరి ఇన్నాళ్ళూ ఎట్టా పనిచేసిందన్నా?" అంది. ఎప్పటి నుంచో దానితో ఎంతోమందికి తీసింది. కేబుల్ వెనకాలే ఉండేదని మాత్రం తెలుసు. ఏ పోర్టుకో ఆమె చూడలేదు. నేను ఎప్పుడు మైనం పోశానో నాకు గుర్తుంది, గూడు కట్టక ముందు. ఆ తర్వాత ఆ వెనక భాగాన్ని చూసిన మనిషి లేడు.

నాకు తోచినవన్నీ వెతికాను. అంతకుముందు తీసిన వేరేవాళ్ళ ఈసీజీ ఏదన్నా పొరపాటున అన్న పేరు మీద వచ్చిందేమోనని కంప్యూటర్‌లో ఉన్నవన్నీ తెరిచి చూశాను. అలాంటిది ఒక్కటీ లేదు. నమూనాగా చూపించే గీతలేమైనా ఆ ప్రోగ్రాంలో ఉన్నాయా అని చూశాను. లేవు. అన్న ఫైలు మాత్రం ఉంది. తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయి.

ఆ కాగితాన్ని, నెల్లూరు ఆసుపత్రి కాగితాన్ని మడిచి నా సంచిలో పెట్టుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. పారేయడానికి చేతులు రాలేదు.

ఏడెనిమిది నెలలకు నాకు హెర్నియా ఆపరేషన్ చెయ్యాలన్నారు. దానికి ముందు గుండె పరీక్ష చేయించుకోమని రాశారు. ఆ రోజు అన్న ఈసీజీ చూసి ఫోన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్ళాను. ఆయన నా ఈసీజీ చూసి, ఒకచోట గీత చిన్నగా చీలి ఉంది, పుట్టుకతో కొందరికి ఉంటుంది, దానివల్ల ఏమీ కాదు అన్నారు. పాత కాగితాలేమైనా ఉన్నాయా అంటే సంచి ఆయన ముందే తెరిచాను. అందులోంచి మడత కాగితం ఆయనే తీసి, పేరున్న వైపు కిందికి మడిచి ఉండగానే నా ఈసీజీ పక్కన పెట్టి చూశారు.

"ఇదీ నీదే గదా. అప్పుడూ ఇట్నే ఉండాదే. ఏం భయంలేదు" అన్నారు.

నేను మడత విప్పి పేరు చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. అన్నదమ్ముల్లో ఒకే తీరు ఉండొచ్చు అన్నారు. అన్నకు అదే సాయంత్రం నెల్లూరులో తీసింది చూపించాను. అందులో ఆ చీలిక లేదు. దెబ్బతిన్న గుండెలో గీతలన్నీ మారిపోతాయి, దాన్నిబట్టి చెప్పలేం అన్నారు. అన్నారు గానీ ఆయన గొంతులో నమ్మకం లేదు. మొదటి ఈసీజీలో కనిపించని గుండెపోట్లు కూడా ఉంటాయి ప్రభుదాసూ, మనసులో పెట్టుకోవద్దు అని నన్ను గుమ్మం దాకా సాగనంపారు.

తీగలు అన్న రొమ్ము మీద ఉన్నాయి. నేను పట్టుకున్నది కేబుల్ తోక, అదీ దేనికీ తగిలించనిది. నాకు తెలిసిన విద్య ప్రకారం నా గుండె ఆ కాగితం మీదికి ఎక్కే దారి లేదు. ఆ సందులో కేబుల్ అందుకున్నది ఎవరో, మేలు చేద్దామనుకుని అందుకున్నారో కాదో, నేను చెప్పలేను. ఆ రోజు మిషన్ దొరక్కుండా ఉంటే నేను అన్నను ఎత్తుకునైనా నెల్లూరు తీసుకెళ్ళేవాణ్ణి. ఈ ఒక్కటి మాత్రం నాకు ఖాయంగా తెలుసు.

ఆ సాయంత్రం వదిన మా ఇంటికి వచ్చింది. పరీక్షలు ఎలా ఉన్నాయో కనుక్కుందామని వచ్చింది. అంతా బాగానే ఉందని నా భార్య చెప్పింది. వదిన కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"పోనీలే నాయనా. నీ గుండెకాయన్నా గట్టిగా ఉండాది" అంది.