నాడె నోట పెట్టకూడని పద్నాలుగు రోజులు

2007లో మా అన్నకు ఫ్లూ టీకా వేయించవలసిన తేదీని నేనే నిర్ణయించాను. అంతకుముందటి ఏడు వానాకాలంలో జ్వరం న్యుమోనియాగా ముదిరి ఆయన ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇంకొకసారి అట్లా వస్తే బతకడం కష్టమని డాక్టరు నాతో విడిగా చెప్పాడు.

బొంబాయి దగ్గరి నాగావ్‌లో మేమిద్దరం ఒకే మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాళ్లం. ఆయన నాలుగు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు, నేను హాజరు పుస్తకం రాసేవాణ్ణి. టీకా నవంబరులో వేద్దామన్నాడు డాక్టరు. అది చలిదేశాల పద్ధతి. నేను పదకొండేళ్ల హాజరు పుస్తకాలు డాక్టరు బల్లమీద పెట్టాను. జ్వరమని రానివాళ్ల పేర్లు ఏటా వానలు పట్టాకే వరుసకట్టాయి. ఆయన పుటలు తిప్పి, 1918 నాటి ఫ్లూ కూడా బొంబాయిలో మొదలైంది జూన్‌లోనే అన్నాడు. వైరస్ ఏటేటా రూపు మార్చుకుంటుంది గనుక టీకా ప్రతి సంవత్సరం కొత్తది వేయాలనీ, అది పట్టడానికి రెండు వారాలు కావాలనీ వివరించాడు.

ఆ లెక్కన మే చివరికే వేయాలి. కాని మే అంతా మావాళ్లు పెళ్లిళ్లకని సొంతూళ్లలో ఉంటారు. అన్న ఊరి నుంచి జూన్ ఎనిమిదిన దిగాడు. తొమ్మిదిన సూది పడింది. ఇరవై మూడు వరకు భరోసా లేదని డైరీలో గీత గీశాను.

మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు కండె మార్చినప్పుడల్లా, దాని కంటికి, అంటే చిన్న రంధ్రానికి, నోరు ఆనించి పేక పోగును పీల్చి లాగడం సాంచెల దగ్గర అలవాటు. పగటి పాళీవాడు పీల్చిన నాడెనే రాత్రి పాళీలో అతని జోడీ పీలుస్తాడు. పుస్తకాల్లో జ్వరాలు చాలావరకు జోడీలుగానే ఉన్నాయని అప్పుడే గమనించాను. సన్నటి తీగను కొక్కెంగా వంచి అన్న చేతిలో పెట్టాను.

"ఏందిరా తమ్మీ, దీనితోటి పోగు గుంజుడా? ఒక్క కండె ఎక్కిచ్చేసరికి మిగిలిన మూడు సాంచెలు బంద్ పడ్తయి. సేఠ్ నన్నే బంద్ చేస్తడు."

"పద్నాలుగు దినాలేనే అన్నా."

"సూదేమో జబ్బకు, తాళమేమో నోటికా? చాయ్ గిట్ల దీనితోనే తాగాల్నా?"

పక్క సాంచెల వాళ్లు నవ్వారు.

పదహారున ఆయన జోడీ జ్వరంతోనే రాత్రి పాళీ నడిపాడు. అన్నను ఇంట్లో ఉండమన్నాను, వినలేదు. పందొమ్మిదిన ఆయనకూ జ్వరం తగిలింది. అప్పుడు ఒప్పుకున్నాడు.

"నువ్వు చూస్తున్నంతసేపే కొక్కెం పట్టిన. నువ్వు అటు పోంగనే నోరే."

నాలుగు రోజులు ఆయాసపడ్డాడు. పూటపూటకూ ఆయన ఊపిరి లెక్కపెట్టి రాశాను. ఐదో రోజు జ్వరం దిగింది, న్యుమోనియా రాలేదు. సగం పట్టిన టీకాయే కాపాడిందా అని అడిగితే, చెప్పలేనన్నాడు డాక్టరు. డైరీలో కారణం రాయాల్సిన చోటు ఖాళీగా వదిలాను.

మరుసటి ఏడు తేదీని వానల నుంచి కాక, ఊరి ప్రయాణం నుంచి వెనక్కి లెక్కించాను. ఏప్రిల్ చివరి శుక్రవారం, సాంచెలకు సెలవు రోజు. డాక్టరు దగ్గరికి అన్న తన జోడీని కూడా వెంటబెట్టుకొని వచ్చాడు.

"ముందుగాల వీనికి పొడిపియ్యి తమ్మీ," అన్నాడు. "నా నాడెను నాకన్న ఎక్కువ వీడే నాకుతడు."